మైకు మామయ్య గొంతు

ఆదివారం పొద్దున్నే ఆ ఇంటి హాల్లో ఎవరో ఆడపిల్ల మాట్లాడింది.

"కాఫీ" అంది ఆ పిల్ల. అరువు తెచ్చుకున్న మాటేదో ముక్తసరిగా తిరిగిచ్చేసినట్టు, ఉప్పూ కారం లేని గొంతుతో.

వంటింట్లో పాల గిన్నెకి కాపలా కాస్తున్న అత్తగారు ఉలిక్కిపడి గరిటె చేత్తో పట్టుకునే హాల్లోకి వచ్చింది. "ఎవరే ఆ అమ్మాయి? పొద్దున్నే ఎవర్ని లోపలికి రానిచ్చావ్?" అని కోడల్ని అడిగింది.

"ఎవరూ రాలేదత్తయ్యా" అంది కోడలు. జడ సగంలో వదిలేసి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న మామగారి వైపు చూసింది. ఆయన చూపుడు వేలు ఇంకా కంప్యూటర్ తెర మీదే ఉంది. తెర నిండా గళ్ళు, గడికో బొమ్మ. కాఫీ కప్పు బొమ్మ ఉన్న గడిని ఆయన మళ్ళీ నొక్కారు. "కాఫీ" అంది ఆ పిల్ల మళ్ళీ, అదే గొంతుతో. ఆయన వేలు వెనక్కి తీసుకుని, వేడి గిన్నె తగిలినట్టు అరచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆయన గొంతు గురించి ముందు చెప్పుకోవాలి. ఉద్యోగమంతా బస్టాండులో అనౌన్సరుగా చేశారు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎంత ఆలస్యమో, తప్పిపోయిన పిల్లాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో ఆయన గొంతే ఊరందరికీ చెప్పేది. ఆలస్యమైన బస్సు గురించి ఆయన చెబితే జనానికి కోపం కూడా వచ్చేది కాదు. ఇంట్లోనూ అంతే. స్నానాల గది ముందు నిలబడి "లోపలున్న ప్రయాణికులు త్వరగా బయటికి రావలసిందిగా కోరుతున్నాము" అనేవారు. వీధిలో అందరికీ ఆయన మైకు గారు. కోడలికి కాపురానికొచ్చిన కొత్తల్లో ఆ పేరు అనడం సిగ్గేసేది. తర్వాత్తర్వాత ఆమే మైకు మామయ్య అనడం మొదలుపెట్టింది.

అలాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి, వేరే దారి లేదన్నారు డాక్టర్లు. ఆపరేషనుకి ముందు ఆస్పత్రిలో మాటలు నేర్పే టీచరమ్మ ఒక ఉపాయం చెప్పింది. రోజూ వాడే మాటలన్నీ ఇప్పుడే మీ గొంతుతో రికార్డు చేసి పెట్టుకోండి, తర్వాత తెర మీద గడి నొక్కితే మీ మాటే వినబడుతుంది అంది. అంతే, మామగారు పడగ్గదిలో కిటికీకి దుప్పటి కట్టి, మైకు ముందు కూర్చున్నారు. ఎదురుగా కోడలు. మందుల షాపులో డ్యూటీ దిగి రాగానే ఆమె పని అదే. ఇంట్లో ఏయే మాటలు కావాలో గుర్తుచేసేది, ఆయన చెప్పేవారు. మంచినీళ్ళు. ఫ్యాను తగ్గించండి. టీవీలో ఆ వార్తలు కట్టెయ్యండి, ఉన్న రోగం చాలు. ఒక్కో మాటా నాలుగైదుసార్లు చెప్పి గానీ తృప్తిపడేవారు కాదు. రికార్డు చేసి దాచుకోవడం, గళ్ళకి తగిలించడం అన్నీ ఆయనే. ఇంకొకర్ని మిషను ముట్టుకోనిచ్చేవారు కాదు.

అత్తగారిని పిలిచే "ఏమేవ్" ఒక్కటే మూడు రకాలుగా రికార్డు చేశారు. మామూలు ఏమేవ్, కోపం ఏమేవ్, ఏ పనీ లేకపోయినా ఊరికే పిలిచే ఏమేవ్. చివరి రోజు కోడల్ని టీ పెట్టుకురమ్మని పంపి, తలుపేసుకుని ఒంటరిగా ఏదో చెప్పారు. తెర మీద అడుగున, కుడి మూలన ఒక బొమ్మలేని గడి అలా వచ్చింది. "ఇదేంటి మామయ్యా?" అంటే, "అవసరం పడ్డప్పుడు వింటావులే" అన్నారు. ఆయన నోటి నుంచి ఆమె విన్న చివరి మాటల్లో అదొకటి. ఆ తర్వాత మెడ దగ్గర చిన్న రంధ్రం, దానికి అడ్డంగా తెల్లటి గుడ్డ, మాటలన్నీ పెట్టెలో. అయినా ఇల్లు ఇల్లులాగే నడిచింది, పెట్టె పలుకుతున్నంత కాలం.

అంతలో కోడలి భర్త తల తుడుచుకుంటూ గదిలోంచి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ఎలా ఉంది నాన్నా కొత్త మిషను? నొక్కగానే పలికింది, చూశావా? పాతదైతే ఈపాటికి ఇంకా గొంతు సవరించుకుంటూ ఉండేది."

అతను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. నెమ్మదిగా కదిలేది ఏది చూసినా అతనికి పడదు. పాత కంప్యూటర్ నిజంగానే నత్తకి తమ్ముడు. గడి నొక్కితే కాసేపు ఆలోచించి గానీ పలికేది కాదు, కాఫీ వేడిగా లేదని అది చెప్పేసరికి కాఫీ నిజంగానే చల్లారిపోయేది. అందుకని నిన్న కోడలు మామగారిని ఆస్పత్రికి చూపించడానికి తీసుకెళ్ళిన సమయం చూసి, అతను కొత్త కంప్యూటర్ కొనుక్కొచ్చి, పాతదాన్లోని హార్డ్ డిస్కు ఊడదీసి ఇందులో బిగించాడు. భార్యకీ తండ్రికీ చెప్పలేదు, వాళ్ళు రాత్రి పొద్దుపోయి తిరిగొచ్చి నేరుగా పడుకున్నారు. పొద్దున్నే చూసి వాళ్ళు ఆశ్చర్యపోవాలని అతని సరదా.

"పలికింది సరే, పలికింది ఎవరండీ?" అంది కోడలు.

అతను వచ్చి గడి నొక్కి చూశాడు. ఇంకోటి నొక్కాడు. మంచినీళ్ళు, ఫ్యాను, మందులు, అన్నీ ఆ పిల్లే చదివింది. "రికార్డు చేసిన ఫైలు కనబడకపోతే మిషను దాని గొంతుతో అదే చదివేస్తుంది. అంతే. డిస్కంతా ఇందులోనే ఉంది కదా, ఫైళ్ళు ఎక్కడికి పోతాయి? రెండు నిమిషాలు" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

రెండు నిమిషాలు కాస్తా చాలా నిమిషాలయ్యాయి. అతను నాన్న అని వెతికాడు, గొంతు అని వెతికాడు, మాటలు, కాఫీ, మంచినీళ్ళు అని వెతికాడు. డిస్కులో కరెంటు బిల్లులు దొరికాయి, అత్తగారి మోకాలి ఎక్స్‌రేలు దొరికాయి, ఎవరిదో గుర్తుకురాని పెళ్ళి ఫొటోలు దొరికాయి. గొంతు మాత్రం దొరకలేదు. అతని చెవులు ఎర్రబడటం వెనక నిలబడ్డ కోడలికి కనబడుతూనే ఉంది.

మామగారు లేచి, మేకుకి తగిలించిన తెల్ల పలక తెచ్చుకుని, మార్కరుతో ఏదో రాసి కొడుకు పక్కకి వచ్చారు. "మీరు కూర్చోండి మామయ్యా, ఆయన చూస్తున్నారుగా" అంది కోడలు. తెర మీంచి చూపు తిప్పకుండానే ఆయన భుజం పట్టుకుని మెల్లగా కుర్చీ వైపు నడిపించింది. కాసేపటికి ఆయన మళ్ళీ వచ్చారు, పలక మీద వేలితో టకటకా కొట్టారు. "ఒక్క క్షణం నాన్నా, నన్ను కంగారు పెట్టకు" అన్నాడు కొడుకు. మూడోసారి ఆయన వచ్చినప్పుడు అత్తగారు, "మీరు నిలబడితే ఆయాసం వస్తుందండీ, కూర్చోమంటే వినరేం" అని పలక తీసుకుని బల్ల మీద పెట్టేసింది.

"ఏమయ్యాయండీ?" అంది కోడలు చివరికి.

"లేవు."

"లేకపోవడమేంటి? శుక్రవారం రాత్రి కూడా పలికింది కదా."

"నాకేం తెలుసు? మార్చేటప్పుడు ఎక్కడో పోయుంటాయి." అతను కుర్చీ వెనక్కి తోశాడు. "పోనీ, ప్రస్తుతానికి ఈ గొంతుతో సర్దుకుందాం. మాట అర్థమైతే చాలదా? మాట ముఖ్యం గానీ గొంతుదేముంది?"

కోడలికి ఒళ్ళు మండిపోయింది. "గొంతుదేముందా? ఆపరేషనుకి ముందు ఆ నొప్పితో ఆయన ఒక్కో మాటా ఎన్నిసార్లు చెప్పారో నేను చూశాను. మీరు చూశారా? ఆ పెట్టెలో ఉంది ఫైళ్ళు కాదండీ, మామయ్య. రేపు ఆ పిల్ల ఇంట్లో తిరుగుతూ 'ఒరేయ్, అన్నానికి రా' అంటే మీరు వెళ్తారా?"

"నా మీద అరుస్తావేంటి? నేనేమైనా పాడుచేద్దామని చేశానా?"

"పొద్దున్నుంచి నన్నెవరూ పిలవలేదురా" అంది అత్తగారు. ఆవిడ గరిటె ఇంకా చేతిలోనే ఉంది. "నిద్ర లేవగానే ఏమేవ్ అని ఒక్క కేక వినబడితే గానీ నాకు తెల్లారినట్టుండదు. ఇక నన్ను ఏమేవ్ అనేవాళ్ళెవరు?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తల్లి ఏడుపు చూసేసరికి అతని కోపం ఇంకా పెరిగింది. తప్పు చేసినవాడికి వచ్చే కోపం మామూలు కోపం కన్నా గట్టిగా ఉంటుంది. "అమ్మా, నువ్వు మొదలుపెట్టకు. నాన్న గడి నొక్కి, అదెప్పుడు పలుకుతుందా అని దాని వంక చూస్తూ కూర్చుంటే నాకు కడుపు తరుక్కుపోయేది. అందుకే కొన్నాను. ఆయన కోసమే కదా ఇదంతా?"

"ఆయన కోసమైతే ఆయన్ని అడిగారా?" అంది కోడలు.

"అడిగితే మాత్రం ఏం చెప్తారు? ఆయన మాట్లాడలేరు కదా."

అనేశాక అతనికే ఆ మాట చెవిలో మోగింది. ముగ్గురూ ఒక్కసారే కిటికీ పక్క కుర్చీ వైపు తిరిగారు. కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద పలక లేదు. వీధి తలుపు ఓరగా తీసి ఉంది. మాట లేని మనిషి వెళ్ళిపోతే చప్పుడు కూడా ఉండదని ఆ ఇంట్లో వాళ్ళకి అప్పుడే తెలిసింది.

కోడలు చెప్పులు వేసుకున్నదో లేదో కూడా చూసుకోకుండా మెట్లు దిగింది. ఎక్కడికి వెళ్ళి ఉంటారో ఆమెకి ఆలోచించనక్కర్లేకపోయింది. వీధికి అవతల, పాన్ షాపు పక్కన బస్టాపులో సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నారు, పలక ఒళ్ళో పెట్టుకుని. బస్సొకటి వచ్చి ఆగింది. బస్సు ముందున్న బోర్డు చూస్తూ ఆయన పెదాలు కదిలాయి. ఎక్కడికి వెళ్ళే బస్సో, ఏయే ఊళ్ళ మీదుగా వెళ్తుందో, చప్పుడు లేకుండా, మొత్తం చెప్పారు. ఎక్కేవాళ్ళు ఎక్కారు. ఎవరూ వినలేదు.

ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది. "తప్పయిపోయింది మామయ్యా" అంది. "మిమ్మల్ని మధ్యలో కూర్చోబెట్టుకుని మేము మేమే అరుచుకున్నాం. మీరు మూడుసార్లు వచ్చారు. ఏం చెప్దామని వచ్చారో ఇప్పుడు చెప్పండి, వింటాను."

ఆయన పలక ఆమె వైపు తిప్పారు. పొద్దున్న రాసిందే, చెరపలేదు. "ఫైళ్ళు డిపో అనే ఫోల్డర్లో ఉన్నాయి."

ఆమె ఆ అక్షరాలనే చూస్తూ ఉండిపోయింది. మందుల షాపులో ఎంత కొక్కిరిబిక్కిరి రాత రాసే డాక్టరు చీటీ అయినా తనే చదివి పెడుతుందని అక్కడ అందరూ మెచ్చుకుంటారు. ఇంట్లో ముత్యాల్లాంటి అక్షరాలు కళ్ళ ముందు పెడితే చదవలేదు. పైగా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. సిగ్గుతో ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"డిపో ఏంటి మామయ్యా, అందులో మీ పాత బస్సు అనౌన్సుమెంట్లు కదా ఉంటాయి?"

ఆయన చెరిపి రాశారు. "నా గొంతు ఎప్పుడూ అక్కడే ఉండేది. ఇదీ అక్కడే పెట్టాను. ఒక్కో మాటకి ఒక్కో బస్సు నంబరు వేశాను."

ఆమెకి ఏడుపులోనే నవ్వొచ్చింది. కాఫీ అని వెతికితే ఎలా దొరుకుతుంది? ఈ ఇంట్లో కాఫీ ఏదో ఒక నంబరు బస్సు. "రండి, వెళ్దాం" అని చెయ్యి అందించింది. ఇద్దరూ వీధి దాటి మెట్లెక్కారు.

గుమ్మంలో ఎదురుచూస్తున్న భర్తకి ఆమె సంబరంగా చెప్పింది. "దొరికాయండీ. డిపో అని ఉంటుంది చూడండి, ఆ ఫోల్డర్లోనే పెట్టారట అన్నీ."

అతని మొహంలో రక్తం ఇంకిపోయింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. డిస్కు మార్చినప్పుడు పోయాయనే అందరూ అనుకునేవాళ్ళు, అతనూ పొద్దున్న అదే అన్నాడు. కానీ తండ్రి అతని వంకే చూస్తున్నారు, ఇక అయిపోయిందిలే అన్న నిశ్చింతతో. ఆ చూపు ముందు అతను నిలబడలేకపోయాడు. గుమ్మం పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"నాన్నా, డిపోని నేనే తీసేశాను. డిస్కు నిండిపోయిందని నిన్న మార్చేముందు సర్దాను. పాత బస్సుల అనౌన్సుమెంట్లు ఎవరిక్కావాలిలే అనుకున్నాను. తెరిచి కూడా చూడలేదు. చెత్తబుట్టలో పడేశాను."

అత్తగారి చేతిలో గరిటె కింద పడింది. కోడలికి తిట్టడానికి నోటిదాకా వచ్చిన మాటలు, అతన్ని అలా నేల మీద చూసేసరికి ఎక్కడివక్కడే ఆగిపోయాయి. మామగారు కుర్చీలో కూర్చుని తెల్ల గుడ్డ సర్దుకున్నారు. ఊపిరి రంధ్రంలోంచి కాస్త గట్టిగా వచ్చి వెళ్తోంది. పలక తీసుకుని రాశారు.

"బుట్ట ఖాళీ చేశావా?"

"గుర్తులేదు నాన్నా. ఎప్పుడూ చేస్తాను. నా సంగతి తెలుసు కదా, ఏ పనీ సగంలో వదలను." అతను ఒక్క గెంతున లేచి కంప్యూటర్లో చెత్తబుట్ట తెరిచాడు. ఖాళీ. రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అంతలోనే తలెత్తాడు. "ఆగండి, ఆగండి. ఇది కొత్త మిషను బుట్ట. దీన్లో పారేసినవే ఇందులో కనబడతాయి. నేను పారేసింది పాత మిషన్లో. ఆ బుట్ట డిస్కులోనే ఉన్నా, దీనికి కనబడదు. డిస్కుని మళ్ళీ పాత పెట్టెలో పెట్టి తెరిస్తే..." అంటూ తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, పాత పెట్టె ఏది? నిన్న సాయంత్రం పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యమన్నాను కదా. ఇచ్చేశావా?"

"ఇచ్చెయ్యమన్నావు" అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. "నేనెప్పుడు నీ మాట విన్నాను గనక?"

ఆవిడ వెనకే అందరూ వెనక బాల్కనీలోకి వెళ్ళారు. ఆ బాల్కనీ అత్తగారి సామ్రాజ్యం. చెయ్యి విరిగిన కుర్చీ, మూతలు పోయిన డబ్బాలు, డబ్బాలు పోయిన మూతలు, ఎందుకూ పనికిరాని ప్రతిదీ అక్కడ గౌరవంగా బతుకుతుంది. మూలన పాత తువ్వాలు కప్పి ఒక ఎత్తుపీట, దాని మీద రెండు పూలకుండీలు. తువ్వాలు తీస్తే అది కంప్యూటర్ పెట్టె.

"వాడొచ్చాడు, బేరం కూడా ఆడాడు" అంది ఆవిడ. "ఇవ్వబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ ఆయన గొంతు పలికిన పెట్టె కదా. ఇంట్లో ఏ మూలో పడి ఉంటుందిలే అని."

"కుండీలకి నీళ్ళు పోశావా అమ్మా?" అని అడిగాడు కొడుకు, ప్రాణాలు ఉగ్గబట్టుకుని.

"పోద్దామనే అనుకున్నాను. పాలు దించి పోద్దామనుకుంటుంటే ఆ పిల్ల కాఫీ అంది."

అతను తల్లిని గట్టిగా పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. "పనికిరానివన్నీ దాస్తావని ఇక నిన్ను ఎప్పుడూ అనను."

"ఈ ఇంట్లో పనికిరానిది ఏదీ లేదురా, పొద్దున్న నువ్వు తప్ప" అంది ఆవిడ.

పెట్టెని బల్ల మీదకి చేర్చారు. కోడలు దుమ్ము తుడిచింది, అతను డిస్కు బిగించాడు. ఎత్తైన లిఫ్టుల దగ్గర పెద్ద పెద్ద మరలు బిగించే అతనికి ఈ చిన్న మర కనబడకపోతే, మామగారే టార్చి లైటు పట్టుకున్నారు. మీట నొక్కారు. పెట్టె మూలిగింది. లోపలి ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉండిపోయింది, తర్వాత నీలంగా మారి అలాగే ఉండిపోయింది. నిన్నటి దాకా అందరూ తిట్టుకున్న ఆ నెమ్మది ముందు నలుగురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎవరూ విసుక్కోలేదు.

చివరికి తెర తెరుచుకుంది. మూలన చెత్తబుట్ట బొమ్మ. అందులో కాగితాలు కనబడుతున్నాయి. అతను తెరిచాడు. మొట్టమొదటి వరసలోనే ఉంది, డిపో.

"ఖాళీ చెయ్యలేదు" అంది కోడలు. ఆమె గోడకి ఆనుకుంది.

"ఖాళీ చెయ్యమనే నొక్కాను" అన్నాడు అతను. "ఇప్పుడు గుర్తొచ్చింది. నిజంగా తీసెయ్యమంటావా అని ఇది అడుగుతుంది కదా, ఆ ప్రశ్న తెర మీదకి రావడానికే ఇంతసేపు తీసుకుంటుంటే విసుగొచ్చి ప్లగ్గు పీకేశాను. ఇది నెమ్మది కాకపోయుంటే..."

డిపోని బుట్టలోంచి తీసి మళ్ళీ దాని చోట్లో పెట్టమని చెప్పాడు. పచ్చటి గీత చీమలా పాకింది. అది చివరికంటా చేరాక, గళ్ళున్న తెర తెరిచి, మౌసు పక్కకి జరిపి లేచి నిలబడ్డాడు. "నువ్వే నొక్కు నాన్నా" అన్నాడు.

మామగారు కుర్చీలో సర్దుకు కూర్చున్నారు. కాఫీ నొక్కుతారనుకున్నారు అందరూ. ఆయన వేలు కాఫీ దాటి, మంచినీళ్ళు దాటి, పై వరసలో పక్కపక్కనే ఉన్న మూడు గళ్ళ దగ్గర ఆగింది. మూడోది నొక్కారు. పెట్టె ఆలోచించింది. ఇంకా ఆలోచించింది.

"ఏమేవ్" అన్నారు మైకు గారు.

నిండుగా, కాస్త జీరగా, చివర్న కొద్దిగా సాగదీసి, అచ్చం ఆయనే. ఏ పనీ లేకపోయినా ఊరికే పిలిచే ఏమేవ్.

"ఆఁ, వస్తున్నా" అంది అత్తగారు అలవాటుగా. ఆయన పక్కనే నిలబడి ఉన్నానన్న సంగతి మర్చిపోయి వంటింటి వైపు ఒక అడుగు వేసింది కూడా. అంతలో తెలివొచ్చి, వెనక్కి తిరిగి ఆయన భుజం మీద మొహం ఆనించి భోరుమంది. ఆయన ఆవిడ తల నిమిరారు. కోడలు ఏడ్చింది. గోడ వైపు తిరిగినంత మాత్రాన భర్త ఏడవడం లేదని ఎవరూ అనుకోలేదు.

అందరూ తేరుకున్నాక మామగారు కొడుకుని చిటికె వేసి దగ్గరికి పిలిచారు, కోడల్ని కూడా. వేలు తెర అడుగుకి తీసుకెళ్ళి, కుడి మూలన ఉన్న బొమ్మలేని గడి నొక్కారు. ఆ గడిని ఆయన ఇంతవరకూ ఎప్పుడూ నొక్కలేదు. పెట్టె తన సమయం తాను తీసుకుంది. ఆ తర్వాత హాలంతా బస్టాండు అయిపోయింది.

"ప్రయాణికులకు ముఖ్య గమనిక. నాకు పోయింది గొంతు మాత్రమే, చెవులు పోలేదు. నా గురించి అడగవలసినది ఏదైనా ఉంటే దయచేసి నన్నే అడగగలరు. జవాబు కొంచెం ఆలస్యంగా రావచ్చు. వస్తుంది మాత్రం తప్పకుండా. అంతరాయానికి చింతిస్తున్నాము."

టీ పెట్టుకురమ్మని తనని పంపేసిన ఆ సాయంత్రం కోడలి కళ్ళ ముందు మెదిలింది. గొంతు ఇంకా ఉన్నప్పుడే ఆయనకి ఇవాళ్టి రోజు తెలిసిపోయింది. మాట పోయాక తన వాళ్ళే తనని పక్కనపెట్టి మాట్లాడుకుంటారని ముందే తెలిసి, కోపం లేకుండా, బస్సు ఆలస్యమని చెప్పినంత మర్యాదగా చెప్పి పెట్టుకున్నారు.

భర్త తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నాన్నా, నిన్ను అడగాలి. పాత మిషనే ఉంచేద్దామా, లేక కొత్తదాన్లోకి ఎక్కించమంటావా? నువ్వెలా అంటే అలా."

"పాతదే ఉంచరా, ఇంకేం మార్చకు..." అని అందుకోబోయింది అత్తగారు. కోడలు నవ్వుతూ ఆవిడ చెయ్యి పట్టుకుని నొక్కింది. అత్తగారు నాలిక కరుచుకుంది. ముగ్గురూ ఆగారు. మామగారు పలక తీసుకున్నారు, మార్కరు మూత తీశారు, తీరిగ్గా రాసి చూపించారు.

"కొత్తదే. పాతది మరీ నత్త. ఎన్నాళ్ళ నుంచో చెప్దామనుకుంటున్నాను."

అందరూ ఫక్కున నవ్వారు. మామగారి నవ్వుకి చప్పుడు లేదు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. "ముందు డిపోకి రెండు కాపీలు తీసి వేరువేరు చోట్ల దాస్తాను, తర్వాతే మిగతా పని" అన్నాడు కొడుకు కళ్ళు తుడుచుకుని. "మరి నా కుండీలకి ఎత్తుపీట?" అంది అత్తగారు. పని అయ్యాక పెట్టె ఆవిడకే ఇచ్చేటట్టు ఒప్పందం కుదిరింది, నీళ్ళు మాత్రం పొయ్యకూడదన్న షరతు మీద.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. "అయ్యో, పొద్దున్న అడిగిన కాఫీ ఇప్పటికీ ఇవ్వలేదు కదండీ మీకు" అంటూ వంటింట్లోకి పరిగెత్తింది. గుమ్మం దగ్గర ఆగింది. కాపురానికొచ్చిన నాటి నుంచి ఆయన కాఫీలో పంచదార ఎంతో ఆవిడే తేల్చేది, ఒక్కరోజూ అడిగింది లేదు. వెనక్కి తిరిగి, కాస్త సిగ్గుపడుతూ అడిగింది.

"పంచదార ఎంత వెయ్యమంటారు?"

మామగారు తెర వంక చూశారు, పలక వంక చూశారు, కిటికీలోంచి బయటికి కూడా చూశారు. తొందరేం లేదన్నట్టు ఆలోచించడం మొదలుపెట్టారు. ఆవిడ గుమ్మంలో చెంచా పట్టుకుని అలాగే నిలబడి ఎదురుచూసింది.